షెవీ ప్యానెల్ ట్రక్కుకి బాడీ పార్టులు కొనేముందు

నా గ్యారేజీలో ఒక మూలన రెండు క్యాబ్ కార్నర్లు ఇప్పటికీ పడున్నాయి, మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. 1951 షెవర్లే ప్యానెల్ ట్రక్కు కొన్న కొత్తలో, ఆత్రం ఆగక, "షెవీ ట్రక్ 47–55" అని రాసుంది కదా అని ఆర్డర్ పెట్టేశాను. పార్సిల్ వచ్చాక వాటిని చేత్తో పట్టుకుని బండి చుట్టూ రెండుసార్లు తిరిగాను, ఎక్కడ పెట్టాలో అర్థం కాలేదు. అర్థం కాకపోవడానికి కారణం సింపుల్, పెట్టడానికి చోటే లేదు. పికప్ ట్రక్కుకి డ్రైవర్ వీపు వెనక ఒక గోడ ఉంటుంది, ఆ గోడ కింది మూలల్లో నీళ్లు నిలిచి తుప్పు పట్టి రాలిపోతాయి, వాటికోసం చేసిన ముక్కలవి. ప్యానెల్ ట్రక్కుకి ఆ గోడే ఉండదు, డ్రైవర్ సీటు నుంచి వెనక తలుపుల దాకా ఒకటే గది.

ప్యానెల్ ట్రక్కు అంటే తెలియనివాళ్లకి ఒక మాట: పక్కల కిటికీలు లేకుండా రేకుతో మూసేసిన డెలివరీ బండి. బేకరీలు, లాండ్రీలు, పూల దుకాణాలు, ప్లంబర్లు వాడేవాళ్లు, పక్క రేకు మీద దుకాణం పేరు పెయింట్ చేయించుకునేవాళ్లు. మన ఊళ్లలో తిరిగే బ్రెడ్డు వ్యాను గుర్తు తెచ్చుకుంటే చాలు. ఇక్కడ ఒహాయోలో నా తెలుగు ఫ్రెండ్స్ "ఇంత దూరం వచ్చి బ్రెడ్డు బండి కొన్నావా" అని ఇప్పటికీ ఆటపట్టిస్తారు, అది వేరే కథ.

నేను రాసేది ప్రధానంగా 1947–55 మధ్య షెవర్లే చేసిన "అడ్వాన్స్ డిజైన్" బండ్ల గురించి, ఎందుకంటే చెయ్యి కాల్చుకున్నది వాటితోనే. పార్టుల విషయంలో ఒక్కటి మనసులో పెట్టుకోండి: ఈ బండి ముందు సగం పికప్‌లతో చుట్టరికం, వెనక సగం మాత్రం సబర్బన్‌తో (షెవర్లేదే, పక్కల కిటికీలు, వెనక సీట్లు ఉన్న బండి) తప్ప ఎవరితోనూ కలవదు. అమ్మేవాళ్లలో ఎక్కువమందికి తెలిసింది పికప్పే, వాళ్లు "ట్రక్" అంటే పికప్ అనే అనుకోండి.

ముందు మీ బండి ఏ సంవత్సరానిదో తేల్చుకోవాలి. టైటిల్ (బండి ఎవరిదో చెప్పే పత్రం) కాగితం మీద ఉంది కదా అంటారేమో, దాన్ని అంత నమ్మకండి. ఆ రోజుల్లో కొన్ని రాష్ట్రాల్లో ట్రక్కు ఫ్యాక్టరీలో తయారైన ఏడాది కాకుండా అమ్ముడైన ఏడాదినే రాసేవాళ్లు, అంటే 1950 చివర్లో తయారై షోరూంలో నిలబడి 1951లో అమ్ముడైన బండి కాగితాల మీద 1951 అయిపోతుంది. దీనికి తోడు రెండు సంవత్సరాలు పెద్ద ఉచ్చులు. 1947 మొదటి సగంలో వచ్చినవి యుద్ధానికి ముందు నాటి పాత బాడీవి, అడ్వాన్స్ డిజైన్ వచ్చింది ఆ ఏడాది వేసవిలో. అలాగే 1955లో మార్చి వరకూ పాత బాడీ, దాన్ని "ఫస్ట్ సిరీస్" అంటారు, ఆ తర్వాత వచ్చింది "సెకండ్ సిరీస్", అద్దం దగ్గర నుంచి మడ్‌గార్డు దాకా పూర్తిగా వేరే బండి. ఎవరైనా "55 షెవీ పార్టు" అంటే మొదట అడగాల్సింది ధర కాదు, ఏ సిరీస్ అని.

కాగితం కంటే నమ్మదగినది డ్రైవర్ తలుపు తీస్తే కీళ్లు బిగించిన స్తంభం మీద ఉండే చిన్న రేకు ప్లేటు. 1952 దాకా నంబరు ఇలా నడుస్తుంది: మొదట ఫ్యాక్టరీ అంకె, తర్వాత రెండు అక్షరాలు, ఆ తర్వాత నెలకి ఒక అక్షరం, చివర వరుస సంఖ్య. ఆ రెండు అక్షరాల్లో మొదటిది ఏడాది: 1947కి ఈ, 1948కి ఎఫ్, 1949కి జీ, 1950కి హెచ్, 1951కి జే, 1952కి కే. రెండోది బండి మోసే బరువు తరగతి, అర టన్నుకి పీ, ముప్పావు టన్నుకి ఆర్, ఒక టన్నుకి ఎస్. నెల అక్షరం ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, అలా ఎల్ దాకా డిసెంబరు. నా ప్లేటు మీద జేపీ అని ఉంది, అంటే 1951 అర టన్ను, ఇక దాని మీద వాదన లేదు. 1953 నుంచి పద్ధతి మారింది, ముందు బరువు తరగతికి ఒక అక్షరం, వెంటనే ఏడాది అంకెల్లోనే ఉంటుంది, హెచ్ 53 అని కనిపిస్తే అర టన్ను 1953. ఇక్కడ ఒక తిరకాసుంది, పాత పద్ధతిలో ఏడాదిని చెప్పిన హెచ్ కొత్త పద్ధతిలో బరువుని చెబుతుంది, కాబట్టి హెచ్ కనబడగానే 1950 అనేసుకోవద్దు, దాని పక్కన అంకెలున్నాయో అక్షరముందో చూడండి. ప్లేటు అసలు రంగు కూడా కొంచెం సాయం చేస్తుంది, 1953కి ముందువి నల్ల నేల మీద వెండి అక్షరాలు, 1953 నుంచి నీలం నేల.

ప్లేటు పోయిందా, లేక స్క్రూలు కొత్తగా మెరుస్తూ అనుమానంగా ఉందా, అప్పుడు టేపు తీయండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలవండి. 116 అంగుళాలు వస్తే అర టన్ను, మోడల్ నంబరు 3105. 137 వస్తే ఒక టన్ను, 3805. మధ్యలో 125 పైచిలుకు వస్తే అది 3600 ఛాసిస్, ఆ ముప్పావు టన్నులో షెవీ ప్యానెల్ బాడీ ఇవ్వలేదు కాబట్టి ఎవరో బాడీ ఎత్తి వేరే ఫ్రేము మీద కూర్చోబెట్టారన్నమాట, అప్పుడు పార్టుల వేట మొదలెట్టేముందు కింద దూరి బాడీ ఎక్కడెక్కడ బిగించారో చూసుకోండి. 3805 ఉన్నవాళ్లకి ముందే సానుభూతి చెబుతున్నా. సబర్బన్ అర టన్నులోనే వచ్చింది, కాబట్టి మీ వెనక సగానికి సబర్బన్ కూడా ఆదుకోదు, ఇంకో 3805 దొరకాల్సిందే.

ఇక కంటికి కనబడే గుర్తులు. బానెట్ పక్కన ఉండే బ్యాడ్జిని చూసి ఏడాది చెప్పేవాళ్లుంటారు: 1947, 48లో షెవర్లే పేరు కింద థ్రిఫ్ట్‌మాస్టర్ అని, 1949 నుంచి పేరు కింద 3100 లాంటి అంకె, 1953కి వచ్చేసరికి పేరు పోయి అంకె ఒక్కటే పెద్దగా. నిజమే, కానీ ఆ బ్యాడ్జి కొత్తది కొని రెండు నిమిషాల్లో బిగించేయొచ్చు, దాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దు. మార్చడం కష్టమైనవే అసలు సాక్ష్యాలు. ముందు అద్దం మధ్యలో నిలువు పట్టీతో రెండు చదును ముక్కలుగా ఉంటే 1953 దాకా వచ్చినది, ఒకే ముక్కగా వంగిన అద్దం ఉంటే 1954 లేదా 1955 ఫస్ట్ సిరీస్. డ్రైవర్ ఎడమ కాలి పక్క రేకులో గాలి కోసం చిన్న తలుపు ఉంటే 1950 దాకా వచ్చినది. స్పీడోమీటరు 80 మైళ్ల దగ్గర ఆగిపోతే 1951 దాకా వచ్చినది, 90 దాకా ఉంటే 1952 నుంచి, అయితే ఇది కూడా మార్చేసి ఉండొచ్చు. 1952 బండి లోపల మెరిసే భాగాలు లేకుండా పెయింటు వేసి ఉంటే ఎవరో పాడుచేశారని అనుకోకండి, కొరియా యుద్ధం రోజుల్లో క్రోముకి కటకట, ఫ్యాక్టరీ నుంచే పెయింటుతో వచ్చాయి.

ముందు సగం గురించి చెప్పుకుందాం. గ్రిల్ 1947–53కి అయిదు అడ్డపట్టీలు, 1954లో మధ్యలో బరువైన అడ్డుకమ్మీ, నిలువు కమ్మీ కలిసిన కొత్త మూతి వచ్చింది. గ్రిల్ మారితే దాని చుట్టూ ఉన్న రేకు కూడా మారుతుంది కదా, అందుకే ముందు మడ్‌గార్డులు కూడా రెండు రకాలు, 53 దాకా ఒకటి, 54–55 ఇంకొకటి. ఇక్కడ ఫెండర్ అంటారు, మన మడ్‌గార్డే. దూరం నుంచి ఫోటోలో రెండూ ఒకేలా గుండ్రంగా బొద్దుగా కనిపిస్తాయి, తేడా తెలిసేది గ్రిల్‌కి తగిలే లోపలి అంచు దగ్గర, అందుకే ఆ అంచు ఫోటో లేకుండా కొనకూడదు. అర టన్ను, ఒక టన్ను ముందు మడ్‌గార్డులు ఒకదానికొకటి నడుస్తాయి గానీ 4400, 6400 అనే పెద్ద లారీలవి వేరు. పొలాల్లో పడి ఉండే పాత బండ్లలో ఈ పెద్దవే ఎక్కువ, చవగ్గా వస్తాయి, మోసపోయేదీ అక్కడే.

తలుపులు ఇంకా తలనొప్పి. 1950 దాకా తలుపులో ఒకటే అద్దం. 1951లో ముందు వైపు తిప్పి తెరిచే చిన్న త్రికోణపు అద్దం వచ్చింది, కానీ బయటి హ్యాండిల్ మాత్రం పాతదే, కిందికి తిప్పేది. 1952లో నొక్కే బటన్ హ్యాండిల్ వచ్చింది. లెక్క వేసుకోండి: త్రికోణపు అద్దం ఉండాలి, హ్యాండిల్ కిందికి తిప్పేది కావాలి, రెండూ కలిసి ఉన్న తలుపు 1951 ఒక్క ఏడాదే. నా బండి సరిగ్గా ఆ ఏడాదిదే, నా అదృష్టం అలాంటిది. 52 తలుపు తెచ్చి బిగించుకోవచ్చు అంటారు, అప్పుడు లాక్ మారుతుంది, స్తంభం మీద లాక్ పట్టుకునే ముక్క కూడా మార్చాలి, పైగా రెండో వైపు తలుపు కూడా అలాంటిదే తేవాలి, లేకపోతే ఒక వైపు బటన్, ఒక వైపు తిప్పుడు. బండి వయసు 70 దాటింది, ఇన్నేళ్లలో ఎన్ని తలుపులు మారాయో ఎవరికి తెలుసు, కాబట్టి మీ బండికి ఇప్పుడున్న తలుపే అసలుదని కూడా అనుకోవద్దు, ప్లేటు చెప్పిన ఏడాదితో సరిపోల్చండి. "పికప్ తలుపు అచ్చంగా సరిపోతుంది" అని ఎవరు చెప్పినా వినండి, కానీ మీ తలుపు పై అంచు, వెనక అంచు ఆకారాన్ని ఒక పెద్ద అట్టముక్క మీద గీసి కత్తిరించుకుని వెళ్లి, అమ్మేవాడి తలుపు మీద పెట్టి చూశాకే డబ్బులు తీయండి.

మధ్యలో ఒక మాట, ఇది మన ఇండియా వాళ్లకి ప్రత్యేకం. పార్టుల లిస్టుల్లో ఎడమ, కుడి అనేది డ్రైవర్ సీటులో కూర్చుని ముందుకి చూస్తే వచ్చే ఎడమ, కుడి. ఇక్కడ డ్రైవర్ సైడంటే ఎడమ. నా బుర్రలో మాత్రం డ్రైవర్ సైడంటే కుడే, చిన్నప్పటి నుంచి చూసింది అదే కదా. "డ్రైవర్ సైడ్ ఫెండర్" అని చదివి నిమిషం కూడా ఆలోచించకుండా కుడి వైపు పోయినదానికి ఇదే కావాలి అనుకుని మూడు గంటలు డ్రైవ్ చేసి వెళ్లాను. పాపం ఆ పెద్దాయన నవ్వలేదు, కాఫీ ఇచ్చి పంపించాడు. అప్పటి నుంచి గ్యారేజీ గోడ మీద చాక్‌పీసుతో రాసుకున్నా, డ్రైవర్ ఎడమ అని.

వెనక సగం దగ్గరికి వస్తే ఓపిక పట్టాలి. ప్యానెల్ బాడీ, సబర్బన్ బాడీ ఒకే పెట్టె, సబర్బన్‌కి పక్కల కిటికీలు కోసి సీట్లు వేశారు, అంతే తేడా. అందుకని పికప్‌లు అమ్మే యార్డుల చుట్టూ తిరగడం కంటే చచ్చిపోయిన సబర్బన్ ఎక్కడుందో వెతకడం మేలు. కానీ సబర్బన్‌లోనూ రెండున్నాయి. 3106 అంటే వెనక రెండు తలుపులు బీరువాలా పక్కలకి తెరుచుకునేది, 3116 అంటే పైన ఒక పలక, కింద ఒక పలకగా తెరుచుకునేది. మీకు వెనక తలుపులు, కీళ్లు, ఆ కీళ్లు బిగించే స్తంభాలు కావాలంటే 3106 ఒక్కటే పనికొస్తుంది. నేల, చక్రం మీది లోపలి డొప్ప, వెనక మడ్‌గార్డు, పక్క రేకు కింది భాగం, వీటికైతే రెండూ పనికొస్తాయి. తుప్పు ఎప్పుడూ కింది అడుగులోనే పడుతుంది కాబట్టి కిటికీలు కోసిన సబర్బన్ రేకు అయినా సరే, కిటికీ కింద ఉన్న భాగం కోసి తెచ్చుకోవచ్చు. 3107 అని ఇంకోటి ఉంది, కెనోపీ ఎక్స్‌ప్రెస్, పక్కలు తెరిచి గుడ్డ కర్టెన్లు వేలాడేసి కూరగాయలు అమ్ముకునే బండి, చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాన్ని ముక్కలు చేయాలని ఎవరైనా అంటే దయచేసి ఆపండి, అది మీ ప్యానెల్ కంటే అరుదు.

వెనక మడ్‌గార్డు విషయంలో ఎక్కువమంది దెబ్బతింటారు. పికప్ వెనక మడ్‌గార్డు నిటారుగా ఉండే తొట్టి గోడకి బిగించేది, కాబట్టి దాని లోపలి అంచు చదునుగా ఉంటుంది. ప్యానెల్ పక్క రేకు వంపు తిరిగి ఉంటుంది, దాని మడ్‌గార్డు అంచు ఆ వంపుని అనుసరించాలి. బయటి నుంచి చూస్తే అక్కచెల్లెళ్లలా ఉంటాయి, బోల్టులు పెట్టబోతే ఒక చోట తగులుతుంది, ఇంకో చోట వేలు దూరేంత సందు. సుత్తితో కొట్టి దారికి తెచ్చుకోవచ్చు అనే డెంటింగ్ మేస్త్రీలున్నారు, వాళ్ల చేతి పనికి దండం, నా చేతికి అంత పనితనం లేదు. అమ్మేవాడిని అంచు వైపు నుంచి, అంటే మడ్‌గార్డుని బోర్లా పడుకోబెట్టి అంచు గీతలా కనబడేలా ఫోటో అడగండి. గీత తిన్నగా ఉంటే పికప్‌ది.

ఫుట్‌బోర్డు కూడా అంతే, రన్నింగ్ బోర్డ్ అంటారు ఇక్కడ. పొడవు కొలవకుండా, వెనక చివర ఎలా ముగుస్తుందో చూడకుండా కొనకండి, 3805ది పొడుగు. పెట్రోల్ ట్యాంకు ఇంకో తమాషా. పికప్‌కి 1949లో ట్యాంకుని ఫ్రేము దగ్గర నుంచి తీసేసి క్యాబ్ లోపల సీటు వెనక నిలబెట్టారు, ప్యానెల్‌కి సీటు వెనక గోడ లేదు కాబట్టి ట్యాంకు కిందే ఉండిపోయింది. అందుకే "49–55 ట్యాంక్" అని రాసి ఉన్నవి దాదాపు అన్నీ పికప్‌వి, మనకి కుదరవు. సీటు కూడా చూసుకోండి, ప్యానెల్‌కి డ్రైవర్‌కి విడిగా ఒక సీటే ఇచ్చేవాళ్లు, పక్క సీటు కావాలంటే అదనంగా డబ్బు కట్టి తీసుకోవాలి, కాబట్టి పికప్ బెంచి సీటు బిగించి ఉంటే ఎవరో తర్వాత పెట్టిందే.

వెనక రెండు తలుపులు కొనేటప్పుడు జతగానే కొనండి. ఒకటి ముందు మూయాలి, రెండోది దాని అంచు మీద వచ్చి కూర్చుంటుంది, రెండూ అద్దంలో బొమ్మల్లా ఒకటి కావు. విడివిడిగా రెండు చోట్ల నుంచి తెస్తే మధ్య సందు ఎప్పటికీ సరిగా రాదు. కీళ్లు కూడా వాటితోనే అడగండి, బోల్టులు ఇరుసుకుపోయాయని వాళ్లు గ్యాస్ కట్టర్ పెట్టేస్తారు, స్తంభం ముక్కతో సహా కోసినా పర్లేదు, కీలు మాత్రం ఉండాలి అని చెప్పండి.

జీఎంసీ బండ్ల సంగతి అడుగుతుంటారు. షెవర్లే లాగే అదీ జనరల్ మోటార్స్ కంపెనీదే, అదే బాడీ, కానీ గ్రిల్, ముందు మూతి, పేరు అక్షరాలు వేరు. వెనక సగానికి జీఎంసీ ప్యానెల్ దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి, ముందు సగానికి మాత్రం బోల్టు రంధ్రాలు, పార్కింగ్ లైట్ల చోటు సరిచూశాకే. 1955 సెకండ్ సిరీస్ నుంచి 59 దాకా ఉన్నవాళ్లకి ఇదంతా వర్తించదు, మీది పక్కలకి చుట్టుకునే అద్దం ఉన్న టాస్క్ ఫోర్స్ బాడీ. మీకు ముఖ్యమైన విభజన హెడ్‌లైట్ల దగ్గర, 57 దాకా వైపుకి ఒకటి, 58 నుంచి వైపుకి రెండు, దాంతో మడ్‌గార్డూ గ్రిల్లూ మారిపోయాయి. 55, 56 మడ్‌గార్డులు కొనేటప్పుడు బ్యాడ్జి రంధ్రాలు చూడండి, 55లో పక్క గీత కింద, 56లో గీత పైన. ఫోర్డ్ ఎఫ్-100 వాళ్లకి ఒక్కటే హెచ్చరిక, 1956 అద్దం, తలుపులు ఆ ఒక్క ఏడాదివే, 53–55వి తెచ్చి బాధపడొద్దు.

కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో నాలుగు పెట్టుకోండి: టేపు, అయస్కాంతం, టార్చి, మీరు కత్తిరించిన అట్టముక్కలు. అయస్కాంతం అసలు అంటుకోకపోతే అది ఫైబర్‌గ్లాస్, కొన్ని చోట్ల అంటుకుని కొన్ని చోట్ల జారిపోతుంటే రేకు మీద వేలు మందాన లప్పం ఉంది. పెయింటు మెరుపు చూసి ముచ్చటపడకండి, పార్టుని తిరగేయండి, వెనక వైపు ఎవరూ లప్పం పెట్టి దాచరు, సొట్టలు, అతుకులు, పాత వెల్డింగు అక్కడే కనబడతాయి. దూరం నుంచి కొంటుంటే అయిదు ఫోటోలు అడగండి: వెనక వైపు, బోల్టు రంధ్రాల వరుస, అంచు మీద టేపు పెట్టి ఒకటి, అది ఊడదీసిన బండి ముందు భాగం, ఆ బండి ప్లేటు. ఆ చివరిది పంపలేనంటే అది ఏ బండిదో అతనికీ తెలియదని అర్థం, అతను చెప్పే ఏడాదిని లెక్కలోకి తీసుకోకండి, కొలతలు మాత్రం తీసుకోండి.

ఇంకోటి, మీ బండి నుంచి ఊడదీసిన పాత ముక్క ఎంత కుళ్లినా కొత్తది బిగించి తలుపు మూసి చూసేదాకా పారేయొద్దు. బోల్టు రంధ్రాలు, అంచు వంపు అన్నీ దాంట్లోనే ఉంటాయి. నేను ఎడమ వైపు వెనక మడ్‌గార్డు తుప్పు చెత్తని స్క్రాపు బండికి వేసేసి, తర్వాత కొలవడానికి ఏమీ లేక కుడి వైపుదాన్ని అట్ట మీద గీసి తిరగేసి వాడుకోవాల్సి వచ్చింది. ఆ రెండు క్యాబ్ కార్నర్లు కూడా అందుకే ఉంచానని మా ఆవిడకి చెబుతుంటాను, ఆవిడ నమ్మదు. ఎవరికైనా పికప్ ఉంటే చెప్పండి, ఇచ్చేస్తాను.